అటక దిగిన తాత జీను: ఎక్కొచ్చా, గోడకు పెట్టాలా?

ప్రశ్న: అన్నా, మాది పరకాల దగ్గర పల్లె. నేను హన్మకొండలో ఉద్యోగం చేస్తున్నాను. మా తాత నిజాం జమానాలో గిర్దావర్, అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టర్. గుర్రం మీదే ఊళ్ళు తిరిగేవాడట. మొన్న ఎండాకాలంలో పాత ఇల్లు విప్పుతుంటే వంటింటి అటక మీద ఆయన జీను, కళ్ళెం, కాళ్ళు పెట్టుకునే రికాబులు ఒక జత దొరికాయి. తోలు ఎండి చెక్కలా అయింది. బూజు పట్టింది. ముట్టుకుంటే చేతికి ఎర్రటి పొడి అంటుతోంది. మా బావమరిది బరాత్‌లకు తిప్పే ఆడగుర్రం ఒకటి ఉంది. దసరా నాటికి జీను బాగుచేయించి నేను ఎక్కాలని, మా తొమ్మిదేళ్ళ పాపను ఎక్కించాలని ఆశ. నాన్నేమో రెండు రోజులు ఆముదంలో నానబెట్టమంటున్నాడు. చౌరస్తాలో చెప్పులు కుట్టే ఆయన వార్లకు రివెట్లు కొట్టి, నల్ల పాలిష్ వేసి పదిహేను వందలకు ఇస్తానంటున్నాడు. ఏం చేయమంటావు? ఫోటోలు పంపుతున్నాను.

జవాబు: తమ్ముడూ, ముందు ఆ ఆముదం డబ్బా పక్కన పెట్టు. నాన్నకు కోపం వస్తే నా పేరు చెప్పు. నీ ఉత్తరంలో నాకు భయం వేసిన మాట తోలు ఎండడమూ కాదు, బూజూ కాదు. ‘ఎర్రటి పొడి’ అన్నావు చూడు, అదీ.

ఆముదం మీద నాకు పగేమీ లేదు. మోట తొండాలకు, బండి వార్లకు, కిర్రు చెప్పులకు మన పెద్దలు రాసింది అదే. కానీ వాళ్ళు రాసింది రోజూ వాడే తోలుకు, అరచేతికి పూసుకుని, పలచగా. నానబెట్టడం వేరు. తోలు అంటే సన్నని పోగుల అల్లిక. నూనె ఆ పోగుల మధ్య జారుడు ఇస్తుంది, అందుకే తోలు మెత్తగా వంగుతుంది. తెగిపోయిన పోగును మాత్రం నూనె అతికించలేదు. మురిగిన మోకును నూనెలో ముంచితే మెత్తబడుతుంది గానీ బరువు మోస్తుందా? పైగా నూనె తాగిన తోలు సాగుతుంది, కుట్టు రంధ్రాలు వెడల్పవుతాయి. చూడ్డానికి నిగనిగలాడుతుంది. మోసం అంతా ఆ నిగనిగలోనే ఉంది.

ఈ సంగతి నేను వినికిడితో చెప్పడం లేదు. మా బాపు వరంగల్ స్టేషన్ ముందు టాంగాల సామాను కుట్టేవాడు. నాకప్పుడు పదిహేడేళ్ళు. ఒకరోజు ఆయన ఊళ్ళో లేడు. ఒక టాంగా ఆయన ఎండిన వార్లు తెచ్చి పొద్దున్నకల్లా మెత్తగా కావాలన్నాడు. నేను తెలివి చూపించి రాత్రంతా నూనె బేసిన్‌లో వేశాను. తెల్లారి ముట్టుకుంటే వెన్నలా ఉన్నాయి. ఆయన మెచ్చుకుని రూపాయి ఎక్కువే ఇచ్చాడు. మూడో రోజు దిగుడు రోడ్డు మీద ఒక వారు కుట్టు వెంబడి పొడుగ్గా చీరింది. బండి ముందుకు తూలింది, ఆయన మోచెయ్యి విరిగింది. తప్పు నూటికి నూరుపాళ్ళు నాదే. బాపు నన్ను కొట్టలేదు. ఆ చీరిన వారును మా పనిపెట్టెలో పైనే పెట్టాడు, పెట్టె తెరిచిన ప్రతిసారీ నాకు కనపడేలా.

ఇక ఎర్ర పొడి సంగతి. మీ తాత కాలంలో జీనుకు వాడింది చెట్ల చెక్కతో, అంటే బెరడుతో, ఊరబెట్టి పండించిన తోలు. మన దగ్గరైతే లందలో, అంటే తోళ్ళు ఊరబెట్టే గోతిలో, తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయ వేసి వారాల తరబడి ఊరబెట్టేవారు. ఇప్పుడు రాష్ట్ర పుష్పమని మనం ఫోటోలు దిగుతున్న తంగేడే అది. దాని పువ్వు బతుకమ్మకు పోయేది, చెక్క లందకు పోయేది. అలా పండిన తోలు గట్టిది, చెమటను పీల్చి వదులుతుంది, ఒంటికి తగ్గట్టు వంపు తిరుగుతుంది. దానికి పెద్ద శత్రువు ఏళ్ళ తరబడి పట్టే పొగ. పొగలోని గంధకం తోలులో ఆమ్లంగా మారి పోగులను లోపలి నుంచి తినేస్తుంది. చివరికి తోలు ఎర్రటి పొడిగా రాలుతుంది. మీ జీను దశాబ్దాల పాటు వంటింటి అటక మీద పొగలో ఉంది. ఒకసారి పొడి దశకు వచ్చిన తోలును వెనక్కి తెచ్చే మందు లేదు. రాలకుండా ఆపడానికి మాత్రం ఒకటుంది. పాత పుస్తకాల తోలు అట్టలకు లైబ్రరీల వాళ్ళు వాడే క్లూసెల్ జి అనే పొడిని స్పిరిట్‌లో కలిపి పలచగా పూస్తారు. అది పొడిని పట్టి ఉంచుతుంది, బలం ఇవ్వదు. అంటే ఆ భాగం చూసుకోవడానికే, బరువు మోయడానికి కాదు.

అయితే జీను అంతా ఒకేలా చెడదు. నీ ఫోటోల్లో రెక్కల (పక్కలకు వేలాడే తోలు పలకల) అంచులు, వార్లు ఎర్రబారాయి. కూర్చునే చోటు తోలు మాత్రం నల్లగా, బిగువుగానే కనపడుతోంది. మీ తాత కూర్చుని కూర్చుని చెమటతో, పంచె రాపిడితో మెరుగెక్కింది కాబోలు. కాబట్టి ఒక్కో భాగాన్ని విడివిడిగా అడగాలి.

మొదట చట్రం. పైన కనపడే తోలంతా బట్టలాంటిది, లోపలి చట్రమే ఎముక. ఇలాంటి జీన్లలో కర్ర చట్రం ఉంటుంది, దానికి ముందువైపు ఇనుప పట్టీలు ఉంటాయి. జీను ముందు ఎత్తును నీ పొట్టకు ఆనించుకో. వెనక ఎత్తును రెండు చేతులతో పట్టుకుని నీ వైపు లాగు. కొంచెం స్ప్రింగులా ఆడితే పరవాలేదు, కొన్ని చట్రాలను అలాగే చేస్తారు. కటకట చప్పుడు వచ్చినా, మధ్యలో మడత పడ్డట్టు తోలు ముడుచుకున్నా, ఒక పక్కే ఎక్కువ వంగినా చట్రం విరిగినట్టే. తర్వాత ముందు వైపు రెండు కొనలను రెండు చేతులతో పట్టుకుని దగ్గరికి నొక్కు, దూరంగా లాగు. కదలకూడదు. మన ఊళ్ళలో ఇంకో పరీక్ష కూడా తప్పనిసరి. జీనును తెల్ల గుడ్డ మీద పెట్టి వేలి కణుపుతో అంతటా తట్టు. గుడ్డ మీద సన్నని చెక్క పిండి రాలితే పుచ్చు పురుగు, మట్టి రాలితే చెద. ఏది రాలినా ఆ జీను మీద మనిషి ఎక్కకూడదు. చట్రం విరిగిన జీను గుర్రం వెన్నులో ఒకే చోట పొడుచుకుంటుంది. గుర్రం ఎగురుతుంది, నువ్వు పడతావు. తిట్లు మాత్రం గుర్రానికి.

చట్రం నిలిచిందనుకో, రెండోది వార్లు. రెక్క ఎత్తితే పక్కకు మూడేసి వార్లు వేలాడుతున్నాయి కదా, పొట్టపట్టీ బకిళ్ళు తగిలించేవి. గుర్రాలవాళ్ళు ఆ పట్టీని తంగ్ అంటారు. నిన్ను గుర్రం మీద నిలబెట్టేది అవీ, రికాబు వార్లూ, అంతే. మిగతాదంతా సుఖం కోసం. ఒక్కో వారును బకిల్ రంధ్రాల దగ్గర పైకి ఒకసారి, కిందకి ఒకసారి మడిచి చూడు. పైపైన సన్నని గీతలు పడితే ఎండడం. పగులు లోతుకు దిగి లోపల ఎర్రగా కనపడితే అయిపోయినట్టే. రంధ్రాలు గుండ్రంగా కాక కోడిగుడ్డులా సాగి ఉన్నా అంతే. నీ ఫోటోలో ఎడమ పక్క రెండో వారు రంధ్రాలు చూశాను. అది సాగలేదు, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి చీరింది.

ఆ వార్లు పైన దేనికి కుట్టి ఉన్నాయో కూడా చూడు. తోలుకు కాదు, చట్రం మీదుగా పోయే నవారుకు. మన నవారు మంచానిది లాంటిదే, ఇంకా మందం. మామూలుగా మొదటి వారు ఒక నవారుకు విడిగా ఉంటుంది, రెండు, మూడు కలిపి ఇంకో నవారుకు ఉంటాయి. అందుకే బిగించేటప్పుడు మొదటిదాన్నీ, మిగతా రెంటిలో ఒకదాన్నీ వాడాలి. ఒక నవారు తెగినా ఇంకోటి పట్టుకుంటుంది. రెండు, మూడు వాడి మొదటిది వదిలేస్తే ప్రాణం ఒకే నవారు మీద పెట్టినట్టు. బరాత్ గుర్రాలవాళ్ళు చాలామంది ఇదే చేస్తారు, మీ బావమరిదిని కూడా ఒకసారి చూసుకోమను. మీ జీను నవారు ఎన్నేళ్ళదో లెక్కేసుకో. గోటితో గీరితే పోగులు లేస్తున్నాయా? నేనైతే చూడకుండానే మార్చేస్తాను. నవారు ఖరీదెంత, నడుం ఖరీదెంత?

అంటే నా సలహా ఏమిటంటే, చట్రం బాగుంటే కూర్చునే చోటు మీ తాతదే ఉంచు, రెక్కలు బరువు మోయవు కాబట్టి అవీ ఉంచు. వార్లు, నవారు, పొట్టపట్టీ, రికాబు వార్లు, పగ్గాలు మొత్తం కొత్తవి చేయించు. పాతవాటిని విప్పి గుడ్డలో చుట్టి దాచుకో. చట్రం పోతే కొత్త చట్రం ఎక్కించడం మన దగ్గర అయ్యే పని కాదు, అయినా కొత్త జీను కంటే ఎక్కువ ఖర్చు. అప్పుడు దాన్ని శుభ్రం చేసి గోడకు పెట్టుకో, ఎక్కడానికి కాన్పూర్ జీను కొనుక్కో. దేశంలో జీన్ల పనికి పెద్ద ఊరు అదే, కాన్పూర్ జీనుకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఈ రెండో మాట నీకు నచ్చదని తెలుసు.

ఇప్పుడు రివెట్ల సంగతి. చౌరస్తా ఆయనను తప్పుపట్టకు, ఆయన చేతిలోకి రోజూ వచ్చేది బ్యాగులు, చెప్పులు. వాటికి రివెట్ చాలు. కానీ రివెట్ అంటే వారు మధ్యలో పెద్ద రంధ్రం పొడవడమే. లాగుడు అంతా ఆ ఒకటి రెండు రంధ్రాల అంచుల మీదే పడుతుంది. కుట్టులో ఆ లాగుడు ముప్పై చిన్న రంధ్రాలకు పంచబడుతుంది. మిషన్ కుట్టు కూడా వద్దు. మిషన్‌లో పై దారం, కింది దారం ఒకదాన్నొకటి మెలిక వేసుకుని ఉంటాయి. ఒక చోట తెగితే రెండు వైపులా వదులైపోతూ పోతుంది. చేతికుట్టులో ఒకే దారానికి రెండు కొనల్లో రెండు సూదులు. ఆరెతో, అంటే తోలు పొడిచే మొనతో, ఒక రంధ్రం పొడిస్తే దాంట్లోంచే ఎడమ సూది కుడికి, కుడి సూది ఎడమకు పోతాయి. ప్రతి రంధ్రంలో రెండు పోగులు ఎదురెదురుగా దాటుకుంటాయి. ఒక కుట్టు తెగినా పక్కవి కదలవు.

దగ్గర కూర్చుని చేయించుకుంటావు కాబట్టి ఏం చూడాలో చెబుతాను. నార దారం గానీ మందపు పాలిస్టర్ దారం గానీ తీసుకుని తేనెమైనం ముద్ద మీద నాలుగైదు సార్లు లాగాలి. రాపిడికి మైనం కరిగి దారం లోపలికి దిగుతుంది, చేతికి జిగటగా తగలాలి. కుట్టు గీత మీద ముందే కొలిచి గుర్తులు పెట్టాలి. అంగుళానికి ఆరు నుంచి ఎనిమిది కుట్లు చాలు. అందంగా ఉంటుందని పన్నెండు వేస్తే రంధ్రాలు దగ్గరపడి తోలు స్టాంపుల కాగితంలా చిరుగుతుంది. నేను నాశనం చేసిన టాంగా వారులో ఇదీ ఒక కారణం, దాని రంధ్రాలు అప్పటికే దగ్గరగా ఉన్నాయి. ఆరె మొన గుండ్రంగా కాక సన్నని చీలికలా ఉండాలి, ఆ చీలిక కాస్త ఏటవాలుగా పడాలి. అప్పుడు దారం బిగించగానే తోలు మళ్ళీ మూసుకుంటుంది. ప్రతి కుట్టుకూ రెండు చేతులా ఒకే బలంతో లాగాలి. వినపడుతుంది, సన్నగా ‘కిర్ర్’ మంటుంది. చివరన మూడు కుట్లు వెనక్కి వచ్చి దారం కోసేయాలి, ముడి వేయకూడదు. ముడి గుర్రానికి ఒరుసుకుంటుంది. పాత రంధ్రాల వరసలోనే కొత్త కుట్టు వేస్తానంటే రంధ్రాలు బాగుంటే సరే, సాగి ఉంటే ఆ కొస కోసేసి కొత్త చోట కుట్టాలి.

చౌరస్తా ఆయనకు ఈ కుట్టు రాకపోవచ్చు, కానీ చెయ్యి ఉంది. ముందు ఒక జానెడు ముక్క మీద కుట్టించు. దాన్ని మధ్యలో బ్లేడుతో ఒక కుట్టు కోసి, రెండు కొనలు పట్టి గుంజు. పక్క కుట్లు కదలకపోతే పని ఇవ్వు, అడిగినదానికంటే ఎక్కువ ఇవ్వు. ఆరె, తోలు కోసే రంపె పట్టే చేతులు మన ఊళ్ళలో ఎన్ని మిగిలాయి? రెడీమేడ్ చెప్పులొచ్చాక ఆ చేతులు ఆటోలు నడుపుతున్నాయి. చెయ్యి కుదరకపోతే హైదరాబాద్ పో. మలక్‌పేట రేసుకోర్సు దగ్గర గుర్రాలు చూసేవాళ్ళను అడిగితే జీను పని చేసే మనిషి ఎక్కడున్నాడో చెబుతారు.

తోలు నువ్వే కొనిపెట్టు. బెల్టు షాపులో దొరికే ముక్క వద్దు. కోసిన అంచు చూడు. మధ్యలో నీలం బూడిద రంగు గీత కనపడితే అది క్రోమ్‌తో పండించింది, చొక్కాలా సాగుతుంది. మొత్తం గోధుమ రంగులో ఉంటే చెక్కతో పండించింది. చెన్నై పెరియమేడులో తోలు దుకాణాలు వరసగా ఉంటాయి, అక్కడి వాళ్ళను అడిగితే కొరియర్‌లో పంపుతారు. వార్లకు మూడున్నర నుంచి నాలుగు మిల్లీమీటర్ల మందం అడుగు. వెన్ను భాగంలోది అని గట్టిగా చెప్పు, కడుపు వైపుది అంటగడితే వద్దను. కడుపు తోలు పశువు తింటే ఉబ్బడానికే పుట్టింది, వారుగా చేసినా సాగుడు మానదు. మన దగ్గర ఎక్కువ దొరికేది బర్రె తోలు. బలమైనదే, కాకపోతే మొదటి నెలల్లో సాగుతుంది. గుర్రం ఎక్కేటప్పుడు బరువంతా ఎడమ రికాబు మీదే పడుతుంది కాబట్టి ఎడమ వారు ముందు పొడవవుతుంది. రెండు వారాలకోసారి కుడి, ఎడమ మార్చుకుంటూ ఉండు.

శుభ్రం చేయడానికి తొందరపడకు. ముందు రెక్కల కింద, వెనక ఎత్తు కింద టార్చి వేసి చూడు. ముద్ర ఏమైనా ఉందా? కాన్పూర్‌ను ఆ రోజుల్లో ఇంగ్లీషులో ‘కాన్‌పోర్’ అని రాసేవారు. ఆ అక్షరాలు, ఏదైనా ఏడాది అంకె కనపడితే ఫోటో తీసి పెట్టుకో, ఆ చోట రుద్దకు. గిర్దావర్ల చేతికి అలాంటి జీన్లు రావడం వింతేమీ కాదు.

బూజును ఇంట్లో దులపకు. ఆరుబయట, ముక్కుకు గుడ్డ కట్టుకుని మెత్తని బ్రష్‌తో దులుపు. తర్వాత స్పిరిట్, నీళ్ళు సమానంగా కలిపి గుడ్డను తడిపి బాగా పిండి తుడువు. ముందు ఎవరికీ కనపడని మూలలో ఒక రూపాయి బిళ్ళంత చోట చేసి రంగు ఊడట్లేదని చూసుకో. ఎర్ర పొడి రాలే చోట నీళ్ళు అసలు తగలనివ్వకు. నల్లబడి గట్టి అట్టలా అవుతుంది, ఇక దానికి మార్గం లేదు. గట్టిగా ఉన్న చోట మాత్రం శాడిల్ సోప్, అంటే జీన్లకని చేసే సబ్బు, వాడు. స్పాంజి దాదాపు పొడిగా ఉండాలి, నురగ వచ్చిందంటే నీళ్ళు ఎక్కువైనట్టు. గిన్నెల సబ్బు, సర్ఫ్ వద్దు. తోలు స్వభావం పులుపు వైపు ఉంటుంది, అవి క్షారం. ఆరబెట్టడం నీడలో, ఫ్యాను గాలికి, రెండు మూడు రోజులు. ఇప్పుడు వానలు కాబట్టి త్వరగా ఆరాలని ఎండ కాసిన పూట బయట పెట్టబుద్ధవుతుంది. పెట్టకు.

బకిళ్ళ దగ్గర ఆకుపచ్చగా మైనంలా పేరుకుంది చూడు, అది చిలుము. ఇత్తడికీ తోలు నూనెకూ పడక వచ్చేది. పుల్లతో గీకి తీసేయ్. ఇత్తడిని చింతపండుతో తోమాలంటే తోలు నుంచి విప్పి తోము, విప్పలేకపోతే తోమకు, పొడి గుడ్డతో రుద్దు చాలు. నోట్లో పెట్టే ఇనుప కడ్డీ తుప్పు గుంటలు పడి ఉంటే తాతదే అయినా గుర్రం నోట్లో పెట్టకు. నీ నాలుకతో ఒకసారి తడిమి చూడమంటే నవ్వుతావు, నిజానికి అదే పరీక్ష.

నూనె చివరన. అప్పటికి తోలు శుభ్రంగా, పూర్తిగా ఆరి ఉండాలి. నీట్స్‌ఫుట్ ఆయిల్ (పశువుల కాళ్ళ ఎముకల నుంచి తీసే నూనె) దొరికితే అది, లేకపోతే గోరువెచ్చని ఆముదం. అరచేతిలో చిన్న చెంచాడు పోసుకుని రెండు చేతులకూ రుద్దుకుని, ఆ చేతులతో జీనును తడుము. ఒక రోజు ఆగు. తాగేస్తే ఇంకోసారి. మూడుసార్లకు మించి వద్దు. ఎక్కువగా లోపలి వైపు, అంటే గరుకు వైపు రాయి, అక్కడ త్వరగా పీలుస్తుంది. అవిసె నూనె వద్దు, అది ఎండి గట్టిపడుతుంది. కొబ్బరి నూనె చలికాలం గడ్డకట్టి తర్వాత కంపు కొడుతుంది, ఎలుకలకు పండగ. నల్ల పాలిష్ మీద నా మాట ఒక్కటే, దాన్ని వేశాక పగులు ఎక్కడుందో నీకూ కనపడదు, నాకూ కనపడదు.

ఇప్పటిదాకా జీను గురించే మాట్లాడాం, ఆ ఆడగుర్రాన్ని ఎవరూ అడగలేదు. మీ తాత జీను మీ తాత గుర్రానికి కొలిచింది. గుర్రం గుర్రానికి వీపు వేరు. ఉట్టి వీపు మీద, కింద ఏ గుడ్డా లేకుండా జీను పెట్టి, నువ్వు ఎక్కి కూర్చో. బావమరిదిని ముందు నుంచి చూడమను. గుర్రం మూపుకూ జీను ముందు వంపుకూ మధ్య రెండు మూడు వేళ్ళు దూరాలి. వెనక నుంచి చూస్తే వెన్ను వెంట గాలి ఆడే సందు సొరంగంలా ఈ చివర నుంచి ఆ చివరకు కనపడాలి. జీను వెన్నెముక మీద ఎక్కడా ఆనకూడదు, రెండు పక్కల కండల మీదే కూర్చోవాలి. అరగంట నడిపించి జీను దించి చూడు. రెండు పక్కలా చెమట ఒకేలా పడితే బాగుంది. మధ్యలో అరచేతి అంత పొడి మచ్చ ఉంటే అక్కడ అదిమేస్తోంది. ఆ గుర్రం వీపు మీద ఇప్పటికే తెల్ల వెంట్రుకల మచ్చలుంటే అవి పాత జీను పుండ్ల గుర్తులు, బరాత్ గుర్రాలకు ఇవి మామూలు. పెళ్ళికొడుకు కోసం జరీ గుడ్డ ఎంత పరిచినా దాని కింద జీను ఎలా ఉందో ఎవరూ చూడరు.

అదిమే చోటును కింద ఉన్న రెండు మెత్తలలోని ఉన్నితో సరిచేస్తారు. మీ జీనులో ఇన్నేళ్ళ ఉన్ని గడ్డలు కట్టి ఉంటుంది, తీసి పడెయ్. దూది నింపకు, చెమటకు తడిసి రాళ్ళవుతుంది. కడిగి, ముళ్ళు ఏరి, వేళ్ళతో చిక్కు తీసిన గొర్రె ఉన్ని కొంచెం కొంచెంగా పుల్లతో నింపాలి, రెండు పక్కలా తూకం వేసి. కురుమలు ఇంకా గొర్రెలు కాసే ఊళ్ళు మీ చుట్టూ ఉన్నాయి, కత్తిరింపుల రోజుల్లో అడిగితే ఇస్తారు. జీను కింద వేయడానికి వేలు పెట్టి ప్యాడ్ కొనకు, ఒక పాత గొంగడి రెండు మడతలు వేస్తే అంతకంటే బాగుంటుంది. కొత్త గొంగడైతే ముందు రెండుసార్లు ఉతుకు. నేసేటప్పుడు చింతగింజల గంజి పెడతారు, చెమట తగిలితే అది జిగటవుతుంది. బావమరిది మిగతా గుర్రాల మీద వాడే పట్టీ, గుడ్డ దీనికి వాడొద్దు. తామర ఒక గుర్రం నుంచి ఇంకోదానికి, అక్కడి నుంచి మీ పాప చేతికి ఇలాగే పోతుంది.

బరువు సంగతి కూడా ఒకటి. మనిషి, జీను కలిపి గుర్రం బరువులో ఐదో వంతు దాటకూడదని గుర్రాలవాళ్ళ లెక్క. ఆ ఆడగుర్రం మూడు వందల కిలోలుంటే అరవై కిలోలు. పాపకు దిగులు లేదు. నీ ఫోటో చూశాను తమ్ముడూ, నువ్వు మాత్రం ఒకసారి కాటా ఎక్కు.

దసరాకు అవుతుందా అన్నావు. శుభ్రం, ఆరబెట్టడం, నూనె కలిపి రెండు వారాలు. తోలు తెప్పించడం, కుట్టించడం మూడు వారాలు. కుట్టేవాడు దొరికితే అవుతుంది. దొరక్కపోతే దసరా రోజు జీనును కడిగిన గొంగడి మీద పెట్టి జమ్మి ఆకు పెట్టి మొక్కండి, ఎక్కడం సంక్రాంతికి చూసుకోవచ్చు.

రికాబుల గురించి నువ్వు అడగలేదు. పాప బూటు తెచ్చి ఆ రికాబులో పెట్టి చూడు. బూటుకు రెండు వైపులా కలిపి అంగుళం ఖాళీ ఉండాలి. తక్కువైతే పాదం ఇరుక్కుంటుంది, మరీ ఎక్కువైతే పాదం మొత్తం దూరిపోయి పడ్డప్పుడు గుర్రం ఈడ్చుకుపోతుంది. మీ తాత రికాబులు పెద్దవాళ్ళవి, పాపకు అవి ఖాయంగా పెద్దవవుతాయి. వాటిని ఆమెకు పెట్టొద్దు, చిన్నవి కొను, మడమ ఉన్న బూటు వేయించు, హెల్మెట్ పెట్టు, పగ్గం నువ్వే పట్టుకుని నడువు. రికాబు వారు తగిలించే ఇనుప కొక్కెం చివర ఒక చిన్న నాలుక ఉంటుంది, పైకి మూస్తే టక్కుమంటుంది. ఎక్కేటప్పుడు అది తెరిచే ఉండాలి. పిల్ల పడి కాలు ఇరుక్కుంటే వారుతో సహా ఊడి రావడానికే దాన్ని పెట్టారు. మీ జీనులో అది తుప్పు పట్టి పైకి బిగుసుకుపోయి ఉంది, మూడో ఫోటోలో కనపడుతోంది. ముందు దాన్ని కిరోసిన్ చుక్కతో, తోలుకు తగలకుండా, వదులు చెయ్.